మా బావ పెట్టించిన నిలువుటద్దాలు

"మేడం, ఈ రూముల గోడలేడ ఉన్నయి? రంగు దేనికెయ్యాలె?" అని అడిగాడు రంగులేసే మనిషి.

మా బావ సంవత్సరీకం దగ్గర పడుతోందని అక్క ఇంటికి రంగులు వేయిస్తున్నాం. ముందరి గది, వంటిల్లు, వరండా కొలుచుకుని, లోపలి పడకగదిలోకి అడుగు పెట్టినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో బ్రష్షు పట్టుకున్న మనిషి తనలాంటివాళ్లే నాలుగు దిక్కులా కనబడితే బెదరడా మరి. బెదురు తీరాక నావైపు తిరిగి నవ్వాడు. "సారు మస్తు షోకుగాడు ఉన్నట్టుండె" అన్నాడు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. అద్దాలు పెట్టించిన ఏడాది సిరోంచలో మా వాడ వాడంతా ఆ నవ్వే నవ్వింది. బావ పోయాడు. ఆయన తరఫున జవాబు చెప్పుకునే ఉద్యోగం మాత్రం నాకింకా మిగిలే ఉంది.

మా బావతో వాదన పెట్టుకుని గెలిచినవాళ్లు లేరు. ఓడినవాళ్లూ లేరు. ఎందుకంటే ఆయన వాదించడు. మనం గొంతు చించుకుని చెప్పిందంతా చెప్పనిస్తాడు. కళ్లజోడు తీసి, భుజం మీది తువ్వాలు కొసతో రెండద్దాలూ తీరిగ్గా తుడుస్తాడు. మళ్లీ పెట్టుకుంటాడు. "బరోబర్" అంటాడు. అంటే మనం చెప్పింది ముమ్మాటికీ నిజమని అర్థం. ఆ తర్వాత వెళ్లి తను అనుకున్నదే చేసుకొస్తాడు. ముప్పై ఏళ్లు ఈ బరోబర్‌తో వేగాను నేను. కాదంటే పోట్లాడొచ్చు. ఔనన్న మనిషితో ఎట్లా పోట్లాడటం?

ఆయనకు ఇంకో మాట ఉండేది. "ఒక్కటేం జేస్తది?" పెరట్లో నిమ్మచెట్టు ఒకటి పెట్టమంటే ఏడు పెట్టాడు. ఏడింటికీ చోటు చాలక ఒక్కటీ కాయలేదు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేస్తూ భామ్రాగడ్‌కు బదిలీ అయినప్పుడు, అక్కడ వానాకాలం వాగులు పొంగి దారులు మూసుకుపోతాయని అక్క ఒక టార్చిలైటు కొనుక్కుపొమ్మంది. నాలుగు కొన్నాడు. ఒక్కదానికీ సెల్లులు కొనలేదు. ఆ వానాకాలమంతా నాలుగు టార్చిలు పక్కన పెట్టుకుని చీకట్లో కూర్చున్నానని తనే చెప్పి తనే నవ్వేవాడు. చేసిన తప్పు చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు కాదు. దాన్నించి నేర్చుకునేవాడూ కాదు.

అక్కకు పక్షవాతం వచ్చింది ఆయన రిటైరైన మరుసటి ఏడు. ఎడమ పక్క పడిపోయింది. మంచిర్యాల ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక చెయ్యి కొంచెం కదిలింది, మాట తేటపడింది. కానీ కూర్చోబెడితే ఎడమకు ఒరిగిపోయేది. దిండు పెడితే దిండుతో సహా ఒరిగేది. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, తను ఒరిగినట్టు ఆమెకు తెలిసేది కాదు. "అక్కా, వంగినవ్" అంటే "నేను సక్కగనే ఉన్న, మీకే కండ్లు వంకర" అని తిట్టేది. నాలుగుసార్లు చెబితే గోడవైపు తిరిగి పడుకునేది. ఊళ్లో అందరికన్నా వడివడిగా నడిచే మనిషి మా అక్క. మంచం మీద ఆ వీపు చూస్తే నాకు అన్నం దిగేది కాదు.

వారానికి రెండుసార్లు వచ్చి కసరత్తు చేయించే అమ్మాయి ఒకనాడు మా ఇద్దరినీ వరండాలోకి పిలిచింది. "ఆంటీకి తను ఒంగినట్టు ఎర్కైతలేదు సార్. మనం చెప్తే నమ్మది. తల నుంచి కాళ్ల దాక కనబడే అద్దం ఒకటి పెట్టుండ్రి. తను చూసుకుంటే తనే సవరించుకుంటది. లేస్తే ఈ మూడు నాలుగు నెలల్లనే లేవాలె. లేకుంటే పెయ్యి మంచానికి అలవాటు పడ్తది."

ఒకటి అంది. నా రెండు చెవులతో విన్నాను.

"బావా, బట్టల దుకాణంల పెట్టే నిలువుటద్దం ఒకటి తెద్దాం. రేపే తెద్దాం" అన్నాను.

కళ్లజోడు తుడిచాడు. "బరోబర్ పంతులమ్మా" అన్నాడు. నేను జిల్లా పరిషత్ బడిలో టీచర్ని కాబట్టి నన్నెప్పుడూ అలాగే పిలిచేవాడు. మర్నాడు సాయంత్రం బడి నుంచి అక్క ఇంటికి వచ్చి చూస్తే పెరట్లో వడ్లాయన రంపం పట్టుకుని కూర్చున్నాడు. పాత పట్టెమంచం, పడగొట్టిన కొట్టం తలుపులు రెండు విప్పి, అద్దాలు బిగించడానికి ఆరు చౌకట్లు చేస్తున్నాడు. ఒక్కోటి మనిషి కన్నా పొడుగు.

"ఆరేంది బావా?"

"ఒక్కటేం జేస్తది?"

లోపల ఇంకా ఘోరం. ఈయన సుద్దముక్క పట్టుకుని అక్క మంచం మీద కూర్చుని, ఎడమకు ఒరిగి, చూపు ఎక్కడ పడుతుందో అక్కడ గోడ మీద గీత పెడుతున్నాడు. లేచి నిలబడి ఇంకో గీత. స్నానాల గది వైపు రెండడుగులు వేసి, మలుపులో ఇంకో గీత. అక్క కుర్చీలో దిండ్ల మధ్య కూర్చుని, "మీ బావకు గూడ ఏమన్న అయ్యిందేమో సూడు" అంది నాతో. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. మా ఇంట్లో రోకళ్లు ఆరు.

సిరోంచలో అంత పొడుగు అద్దం దొరకలేదు. ప్రాణహిత వంతెన దాటి తెలంగాణలోకి వెళితే చెన్నూరులో గాజు కోసే దుకాణం ఉంది. చౌకట్లు తెస్తే వాటి కొలతకే కోసి బిగించి ఇస్తానని ఆ దుకాణదారు ఫోన్లో అన్నాడట. చౌకట్లెందుకు, కొలతలు కాగితం మీద రాసుకుపో, గాజు తెచ్చుకుని ఇక్కడ బిగించుకుందామని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. బరోబర్ అన్నాడు. ఆదివారం పొద్దున చౌకట్లు ఆరూ ట్రాలీ ఆటోలో కట్టి, తాళ్లు పట్టుకోవడానికి నన్ను కూడా ఎక్కించాడు. నీ ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించేవాళ్లుంటారు. మా బావ నది దాటి వెళ్లి చూపించే రకం.

వంతెన ఇవతల ఫారెస్టు నాకా దగ్గర ఆపారు. అడవి పక్క ఊళ్లో పుట్టి, ఆ దారిన వెయ్యిసార్లు తిరిగి, సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లు కాగితాలు రాసిన మనిషికి ఒక్క సంగతి తట్టలేదు. కర్ర కట్టుకుని నది దాటుతున్నాం. అది ఏం కర్ర అని గార్డు అడుగుతాడు. అడిగాడు.

ఏ మద్ది కర్రో అనొచ్చు. తెలీదనొచ్చు. మా బావ ఆటో దిగి చౌకట్టు మీద చెయ్యేసి, "అసలు సిరోంచ టేకు సార్! మా తాతల నాటిది. చేవ జూడుండ్రి ఎట్లున్నదో, చీడ గిట్ల ముట్టలే" అని మురిసిపోయాడు.

"పాసు ఏది?"

"దేనికి?"

"టేకు అవుతలికి దాటియ్యనీకి."

"మేం దాటిస్తలేం సార్. అద్దాలు ఎక్కిచ్చుకొని సాయంత్రానికి మళ్ల తెస్తం."

"పోయేటప్పుడు అందరు మళ్ల తెస్తమనే అంటరు" అన్నాడు గార్డు.

ఆ గార్డు తప్పేమీ లేదు. ఆయన స్థానంలో నేనున్నా ఆపేదాన్నే. మధ్యాహ్నం దాకా నాకా ముందర బల్ల మీద కూర్చున్నాం. వచ్చిపోయే బస్సుల్లోంచి మా బడి పిల్లల తల్లిదండ్రులు తొంగి చూసి, "నమస్తే మేడం, ఏమైంది?" అని అడుగుతుంటే ఏం చెప్పను? మా బావ మాత్రం గార్డుకు ఏ కర్ర ఎన్నేళ్లకు చేవ పడుతుందో చెబుతూ ఆయన చాయే తాగాడు. చివరికి గార్డు, "కాకా, గివి వాపస్ ఇంటికి కొంచవో. గాజునే ఇటు తెచ్చుకో. గాజుకు పాసు లేదు" అన్నాడు. సరిగ్గా నేను శనివారం చెప్పిన మాట. నేను బావ మొహంలోకి చూశాను. "బరోబర్" అన్నాడు, గార్డుతో.

గాజు తెచ్చిన రోజు నేను వెళ్లలేదు. మొక్కినా వెళ్లేదాన్ని కాదు. ఆటోలో వరిగడ్డి పరిచి, అద్దాల మధ్య గోనెసంచులు పెట్టి, దారి పొడుగునా వెనక నిలబడి రెండు చేతులా పట్టుకుని వచ్చాడట. ఇంటి ముందు దిగేసరికి చేతులు ముడుచుకోవడానికి రావడం లేదు. ఒక అద్దం పైమూల పగిలింది. పగిలిన అద్దం ఇంట్లో పెట్టొద్దని ఎదురింటావిడ అంటే, ఆ మూల దాకా కోయించి, చౌకట్టు తగ్గించి, దాన్నీ బిగించాడు. ఇప్పటికీ ఆరింట్లో అది ఒక్కటే పొట్టిది.

ఇక వాడలో మొదలైంది. పడకగదిలో చుట్టూరా అద్దాలట! ఈ వయసులోనట! బోరింగు దగ్గర ఎదురింటావిడ, "ముసలోనికి దసరా పండుగ అన్నట్టు, మీ బావకు ఇప్పుడు గావాల్సొచ్చినయా గవి?" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మా స్టాఫ్‌రూములో కూడా ఆ నవ్వే. నాకు తల తీసేసినట్టయింది. ఇంటికి పోయి బావ మీద విరుచుకుపడ్డాను. "కసరత్తుకు పెట్టించినమని నలుగురికి చెప్పరాదా? నీ నోట్ల ఏముంది?"

ఆ ఒక్కసారే ఆయన బరోబర్ అనలేదు. కళ్లజోడు చేతిలోనే ఉంచుకుని, "అది నడిస్తె వాళ్లే సూస్తరు. నడవకపోతె చెప్పి ఏం ఫాయిదా?" అన్నాడు. కళ్లజోడు లేని ఆయన మొహం నాకంత అలవాటు లేదు. భయపడ్డ మొహం అది.

అద్దాల మధ్య అక్కను మొదటిసారి కూర్చోబెట్టినప్పుడు ఆమె కళ్లు తెరిచి కెవ్వుమంది. ఎదురెదురు అద్దాల్లో ఒకదానిలో ఒకటి పడి, దూరం దూరం దాకా తెల్లజుట్టు ఆడవాళ్లు, అందరూ ఒకే పక్కకు ఒరిగి. "ఇంతమంది ముసలోళ్లు ఏడికెళ్లి వచ్చిండ్రు?" అని కళ్లు గట్టిగా మూసుకుంది. మూడు రోజులు తెరవలేదు. అన్నం కూడా కళ్లు మూసుకునే తింది. దీపాలు పెట్టాక అద్దం చూడకూడదని ఇంకో పేచీ. అందుకు రోజూ పొద్దుగూకే వేళ ఆరింటికీ ఆరు పాత చీరలు కప్పడం, పొద్దున్నే తీసి మడతపెట్టడం ఆయనకు పని. ఏడో చీర కూడా మడతపెట్టి పక్కన ఉంచేవాడు. ఎందుకని నేను అడగలేదు, ఒకటి ఎక్కువ లేకపోతే ఆయనకు తోచదు.

నాలుగో రోజు గాజుల దుకాణానికి వెళ్లి ఎర్ర బొట్టుబిళ్లల అట్టలు ఉన్నవన్నీ కొనుక్కొచ్చాడు. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుదారం ఒకటి అరువు తెచ్చాడు. ప్రతి అద్దానికీ పైనుంచి దారం వేలాడదీసి, దాని వెంట పై అంచు నుంచి కింది దాకా ఒకదాని కింద ఒకటి బొట్టుబిళ్లలు అంటించాడు. రోజంతా అదే పని. నేను చూసి చూసి విసిగిపోయి, "అద్దాలకు పెండ్లి జేస్తున్నవా బావా?" అన్నాను. ఆయన బొట్లు అంటిస్తూనే మంచంవైపు మాట విసిరాడు. "ఇగో, నీ ముక్కు ఆ బొట్ల మీద ఉన్నదా లేదా? ఒక్కపాలి సూసి కండ్లు మూసుకో. మళ్ల అడుగ."

అక్క ఒక కన్ను తెరిచింది. బొట్ల గీత నిలువుగా ఉంది. ఆమె మొహం దానికి జానెడు అవతల ఉంది.

రెండో కన్నూ తెరిచింది. చాలాసేపు చూసింది. "నేను గిట్లనా ఉన్నది ఇన్ని దినాలు?" అంది. "గిట్లున్న నన్ను సూసిండ్రా అందరు?"

ఆమె పళ్లు బిగపట్టి, కుడిచేత్తో మంచం పట్టె పట్టుకుని, వేలెడు వేలెడు చొప్పున తనను తాను లాక్కుంటూ ముక్కును బొట్ల మీదికి తెచ్చుకుంది. నిమిషం కూడా నిలవలేదు, మళ్లీ ఒరిగింది. మళ్లీ లాక్కుంది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. దాచుకోవడమెందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆరు నెలల్లో ఎవరెన్ని చెప్పినా వినని మనిషి, పావలా బొట్టుబిళ్ల చెబితే వింది.

ఆ రోజు నుంచి అక్కకు అద్దాలతో పోట్లాట. "ఓసి నీ బొందవెట్ట, సక్కగ నిలవడవే" అని తనను తనే తిట్టుకుంటూ లేచింది. నిలబడింది. నాలుగు కాళ్ల చేతికర్ర పట్టుకుని మంచం నుంచి మలుపు దాకా, మలుపు నుంచి స్నానాల గది దాకా నడిచింది. ఎటు తిరిగినా ఒక అద్దం ఎదురుగా ఉండేది. సుద్దగీతల సంగతి అప్పుడు అర్థమైంది నాకు. ఒక్క అద్దమైతే మలుపు తిరగ్గానే పడిపోయేది. ఆ మాట మా బావతో అన్నానా? అనలేదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి ఆయన ఆరు తెచ్చిన చోట ఆరే కావలసి వచ్చాయని ఒప్పుకుంటే, ఇక ఆయన్ని పట్టగలమా?

కానీ గది దాటితే అద్దాల్లేవు. వీధిలోకి రాగానే ఇరవై అడుగులకే అక్క మళ్లీ ఎడమకు ఒరిగిపోయేది. తెలిసేది కాదు. చెబితే పాత కోపమే. ఒకసారి కరెంటు స్తంభానికి గుద్దుకుంది కూడా. ఇంట్లో నడిస్తే చాలులే అన్నాను నేను. బరోబర్ అన్నాడు బావ.

ఆ తర్వాతి అంగడి రోజు బడి ముందు గోలగోలగా ఉంటే బయటికి వచ్చాను. మెయిన్ రోడ్డు మీద మా బావ వెనక్కి నడుస్తున్నాడు. చంకలో కూరగాయల సంచి. ఆయన ఎదురుగా నాలుగడుగుల దూరంలో చేతికర్రతో అక్క. అక్క ఎడమకు ఒరిగితే ఈయన కూడా అదే దిక్కుకు, అద్దంలో మనిషిలాగా, అంతే ఒరుగుతున్నాడు. అక్క అది చూసి సర్దుకుంటే ఈయన కూడా నిటారుగా అవుతున్నాడు. వెనక ఏముందో చూసుకోడు. ఆవుకు తగిలాడు. పకోడీల బండికి తగిలాడు. మోటారు సైకిళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. మా బడి పిల్లలు గోడెక్కి చప్పట్లు. నా తరగతి పిల్లలు!

ఉరికినట్టే వెళ్లాను. "బావా, ఇజ్జత్ తీస్తున్నవ్! ఊరంత నవ్వుతున్నది!"

"బరోబర్ పంతులమ్మా" అన్నాడు, నావైపు చూడకుండానే. "జర పక్కకు జరుగు. దానికి నేను కనబడ్తలేను."

జరిగాను. రోడ్డుకు అవతలి పక్కకే వెళ్లిపోయాను, ఆ ఇద్దరూ నాకేమీ కానట్టు. ఆ తర్వాత ఏడాదిన్నర ఆయన అట్లాగే నడిచాడు. అంగడికి, పోస్టాఫీసుకు, గోదావరి ప్రాణహిత కలిసే చోటికి కార్తీకంలో స్నానానికి. ఎప్పుడు ఎదురుపడినా నేను ఏదో ఒక దుకాణంలోకి దూరేదాన్ని. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా జరిగింది ఇదే.

పోయిన శ్రావణంలో ఒక పొద్దున, చీరలు ఆరూ తీసి మడతపెట్టి, చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. ఆమెను లేపి నిలబెట్టి, ఇప్పుడెవరికి అప్పజెప్పి పోయినవ్ అని ఆ శవం మీదే అరిచాను. చుట్టాలు నన్ను పట్టుకుని పక్కకు తీసుకుపోయారు.

దినాలు అయ్యేదాకా అక్క గది దాటలేదు. తర్వాత కూడా దాటలేదు. అద్దాలవైపు కూడా చూడలేదు. మళ్లీ గోడవైపు తిరిగిన వీపు, మళ్లీ అదే మంచం. కసరత్తు అమ్మాయి వచ్చి, ఇట్లాగే ఉంటే కాళ్లు మళ్లీ మొదటికొస్తాయని నన్ను పక్కకు పిలిచి చెప్పింది. అంతలో పింఛను అక్క పేరున మార్చాలంటే మనిషి స్వయంగా వచ్చి సంతకం చేయాలని బ్యాంకు నుంచి కబురొచ్చింది. నేను సెలవు పెట్టి ఆటో పిలిపించాను. ఆటో గుమ్మం ముందు ఆగింది.

అక్క చేతికర్ర అందుకుని వరండా మెట్లు దిగింది. ఆటోవైపు చూడనైనా లేదు.

"నడుస్త" అంది.

"అక్కా, బ్యాంకు ఇక్కడా? బస్టాండు అవుతల. ఎక్కు."

"నడుస్త అన్న. నువ్వు ముందట నడువు."

అంటే ఏమిటో నాకు అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చింది. ఆటో డ్రైవరు నా పాత విద్యార్థి. వచ్చే ఏడు హెడ్మాస్టరు కావలసినదాన్ని నేను. అక్క కర్ర ముందుకు వేసింది, ఒక అడుగు వేసింది, రెండో అడుగుకే ఎడమకు ఒరగడం మొదలైంది. ఆమెకు తెలియలేదు. కళ్లు నా మొహం మీదే ఉన్నాయి.

నేను పవిట నడుముకు చుట్టి దోపుకుని ఆమెకు ఎదురుగా తిరిగాను. వెనక్కి ఒక అడుగు వేశాను. భుజం కొంచెం వంచాను.

అక్క ఆగింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వు సక్కగ ఒంగుతలేవు" అంది. "మీ బావ ఇంక జర ఎక్కువ ఒంగేటోడు."

నేను ఇంకొంచెం వంగాను. అక్క సర్దుకుని నిటారుగా నిలబడింది.